మినహాయింపు ఎవరి ఖాతాలో పడింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు ఊళ్ళ చరిత్రను పన్నుల వైపునుంచి చదివినవాళ్ళు తక్కువ. మదనపల్లె అనగానే బిసెంటు కళాశాల, 1919లో రవీంద్రుడు అక్కడ కూర్చుని 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చడం గుర్తుకు వస్తాయి. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తుకు వస్తాయి. కుప్పం పేరెత్తితే నేటి రాజకీయాలు తప్ప మరొకటి వినబడదు. శిస్తు, పేష్కష్, ఉప్పు పన్ను, అబ్కారీ - వీటి కథ ఈ సీమలో రెండు వందల యేళ్ళకు పైబడి సాగింది. ఆ కథలో పన్ను పెంచిన ఘట్టాలను మన చరిత్రకారులు బాగానే రాశారు. పన్ను తగ్గించిన ఘట్టాలను మాత్రం పాలకుల దయాదాక్షిణ్యాల కింద జమకట్టి వదిలేశారు. నాకు ఆ ఘట్టాలే ముఖ్యమనిపిస్తున్నాయి.

ఏ ప్రభుత్వమైనా పన్ను తగ్గించినప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. ఆ తగ్గింపు ఎవరి చేతికి అందింది? పోయిన రాబడిని తిరిగి ఎవరి దగ్గర రాబట్టారు? రెండో ప్రశ్న వేయకుండా మొదటిదానికి జవాబు చెప్పేవాళ్ళను నేను నమ్మను. ఈ మూడు ఊళ్ళ విషయంలో నాకు కనబడిన జవాబు ఇది: తగ్గింపు ప్రతిసారీ సర్కారు పుస్తకంలో పేరున్నవాడి దగ్గరే ఆగిపోయింది. లోటును మాత్రం ఏ పుస్తకంలోనూ పేరులేనివాడు అంగట్లో కొనే వస్తువులోంచి పూడ్చుకున్నారు. 'రాజీ' అన్న మాటకు మన రాజకీయాల్లో వచ్చిన గౌరవం వెనక ఈ ఏర్పాటే ఎక్కువసార్లు దాగి ఉన్నది.

మొదట మదనపల్లె. గుర్రంకొండ సీమతోబాటు ఈ ప్రాంతం 1800లో నిజాం చేతినుంచి కుంపిణీ చేతికి వచ్చింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళు భూములు కొలిపించి, రైతువారీ పద్ధతిన శిస్తు కట్టాడు. ఆ శిస్తు రైతు మోయలేనంత బరువని అతనికీ తెలుసు. అందుకే 1807 ఆగస్టులో పంపిన నివేదికలో శిస్తును నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గించమని సిఫార్సు చేశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళకు రాబడి కావాలి. రైతువారీనే పక్కనబెట్టి గ్రామాలను మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు గుత్తకిచ్చారు. చివరకు 1820లో మన్రో గవర్నరై వచ్చాక రైతువారీ తిరిగి వచ్చింది, తగ్గింపూ అమలయింది. పదమూడేళ్ళు ఆలస్యమైన రాయితీ అది.

మన్రోను నేను తేలికగా తీసిపారవేయను. ఆ కాలపు కలెక్టర్లలో రైతు మాట విన్నవాడు అతనే. కాని ఆ పాతిక శాతం ఎవరికి దక్కిందో చూడండి. శిస్తు తగ్గేది పట్టాదారుకు. తగ్గిన శిస్తు వల్ల భూమికి అమ్మకపు ధర ఏర్పడుతుందని మన్రోయే వాదించాడు. భూమికి ధర వస్తే తాకట్టు వస్తుంది, తాకట్టు వస్తే సాహుకారు వస్తాడు. పట్టాదారుల్లో చిన్నరైతులూ ఉన్నారు, వాళ్ళకు కొంత ఊపిరి తిరిగిన మాట నిజం. కాని ఆ పొలాల్లో తరతరాలుగా దుక్కి దున్ని, కుప్ప నూర్చి, గింజల్లో జీతం తీసుకునే పాలేరుకు పట్టా లేదు. శిస్తు తగ్గినందుకు అతని జీతంలో మానెడు గింజలు ఎక్కువ కొలవాలని సర్కారు ఎక్కడా షరతు పెట్టలేదు. సర్కారు పుస్తకంలో అతని పేరే లేనప్పుడు షరతు ఎక్కడ పెడుతుంది!

పుంగనూరు, కుప్పం సంగతి వేరు. ఇవి రెండూ అప్పటి ఉత్తరార్కాటు జిల్లాలోని జమీందారీలు, కుప్పం కంగుంది జమీందారీకి ముఖ్యస్థానం. జమీందారు సర్కారుకు కట్టేది పేష్కష్, రైతు జమీందారుకు కట్టేది శిస్తు. పేష్కష్ ఖాయమైనది. ధరలు పెరిగేకొద్దీ ఖాయమైన పేష్కష్ తేలికవుతూ పోతుంది. ఏ గవర్నరూ ఉత్తరువు ఇవ్వనక్కరలేదు, ఏ శాసనసభా చర్చించనక్కరలేదు, ఏటా దానంతట అదే తగ్గే పన్ను అది! రైతు కట్టే శిస్తుకు మాత్రం అలాంటి ఖాయం లేదు. 1908 ఎస్టేట్ల భూముల చట్టం రైతుకు సాగుహక్కు ఇస్తూనే, ధరలు పెరిగితే రూపాయికి రెండణాల దాకా శిస్తు పెంచుకునే దారి జమీందారుకు చూపింది. ధనికుడికి పన్ను తగ్గింపు అనగానే నేటి కంపెనీలు మాత్రమే మనసులో మెదులుతాయి గాని, మన సీమలో దాని పాత రూపం ఇదే.

ఉప్పు విషయం ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. రాయలసీమ చవుడు నేలల్లో ఉప్పరులు మట్టిని కడిగి ఉప్పు తీసేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర ప్రభుత్వం ఆ వృత్తినే అణచివేసింది. దాంతో సముద్రం చూడని ఈ మెట్టసీమ పన్ను కట్టిన ఉప్పుకే కట్టుబడవలసి వచ్చింది. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ-ఇర్విన్ ఒడంబడిక ఉప్పు విషయంలోనూ రాజీ చేసింది: ఉప్పు దొరికే, తయారయ్యే చోట్లను ఆనుకున్న పల్లెలవాళ్ళు తమ వాడకానికి తీసుకోవచ్చు, తమ పల్లెలోనే అమ్ముకోవచ్చు, బయటివాళ్ళకు అమ్మరాదు. మదనపల్లె సంతలో ఉప్పు కొనే కూలిమనిషికి ఈ రాజీలో ఏమున్నది? ఏమీ లేకపోగా, అదే ఏడాది చివర కేంద్ర ప్రభుత్వం వేసిన అదనపు సుంకంతో మణుగు ఉప్పు మీద పన్ను రూపాయి నాలుగణాలనుంచి రూపాయి తొమ్మిదణాలయింది. ఉప్పు సత్యాగ్రహం గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. గొప్ప ఉద్యమాలు కూడా రాజీ దగ్గరికి వచ్చేసరికి ఎవరిని మరిచిపోతాయో చెబుతున్నాను.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. అప్పటికి ఈ మూడు ఊళ్ళూ చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. 1937 జులైలో రాజాజీ నాయకత్వాన మద్రాసు రాజధానిలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. ఆ అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలయింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు అది వచ్చింది. ఆ తర్వాతి ఏడాది ఉత్తరార్కాటు వంతు. అంటే తెలుగుదేశంలో నిషేధాన్ని మొట్టమొదట చవిచూసిన ఊళ్ళలో ఈ మూడూ ఉన్నాయి.

నిషేధాన్ని వెక్కిరించడం మనలో కొందరికి అలవాటు. నాకు ఆ అలవాటు లేదు. అబ్కారీ అంటే కూలివాడి జేబులోనుంచి సర్కారు నేరుగా వసూలు చేసుకునే పన్నే గదా! మద్రాసు రాజధాని ఆదాయంలో సుమారు నాలుగోవంతు ఆ సారా, కల్లు గుత్తలనుంచే వచ్చేది. సాయంకాలం కూలిడబ్బు అంగడికి కాక ఇంటికి చేరితే ఆ ఇంటి ఆడవాళ్ళకు అది ఎంతటి ఊరటో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. ఆ లెక్కన నిషేధం పేదవాడికి దక్కిన నిజమైన పన్ను తగ్గింపు. ఈత చెట్టు గీసి బతికే ఈడిగల వృత్తి ఆ దెబ్బకు కూలిపోయిన మాట వేరే చెప్పాలి. తీపికల్లుతో బెల్లం వండుకోమన్న సలహా చెట్టు గీసేవాడికి కడుపు నింపలేదు.

అయితే రాబడిలో గండి పడింది. దాన్ని పూడ్చే దారులు రెండున్నాయి. 1935 చట్టం వ్యవసాయాదాయంపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. భూమిమీద వచ్చే ఆదాయానికి కేంద్రం వేసే ఆదాయపు పన్ను వర్తించదు కాబట్టి, జమీందార్లూ పెద్ద భూస్వాములూ ఆ పన్ను గాలి సోకకుండా ఉన్నవాళ్ళే. బీహారు కాంగ్రెసు మంత్రివర్గం 1938లోనే వ్యవసాయాదాయపు పన్ను చట్టం చేసింది. బీహారు కాంగ్రెసువాళ్ళు జమీందార్లతో ఎన్ని ఒప్పందాలు చేసుకున్నారో అందరికీ తెలుసు. వాళ్ళపాటి తెగువ కూడా మద్రాసు చూపలేదు. మద్రాసు ఎంచుకున్నది రెండో దారి: 1939 అమ్మకపు పన్ను చట్టం. అన్ని సరుకులమీదా అమ్మకపు పన్ను వేయడం ఈ దేశంలో అదే మొదలు. దానితోబాటే పొగాకు అమ్మకంమీద, పెట్రోలుమీద, వినోదాలమీద, విద్యుత్తుమీద పన్నులు వచ్చాయి.

ఈ చట్టం పనిచేసే తీరు కాస్త నిదానంగా చూడాలి. ఏడాదికి రు. 10,000ల లోపు అమ్మకం ఉన్న చిన్నకొట్టుకు పన్ను లేదు. పదినుంచి ఇరవై వేల దాకా నెలకు రు. 5లు. ఆపైన అమ్మకంమీద నూటికి అర్ధరూపాయి. వినడానికి ఎంతో న్యాయంగా ఉన్నది: చిన్నవాడికి మినహాయింపు, పెద్దవాడికి పన్ను. కాని పన్ను ఒకచోట కాదు, సరుకు చేతులు మారిన ప్రతిచోటా. ఒక తాను బట్ట మద్రాసు టోకు వర్తకుడినుంచి చిత్తూరు వర్తకుడికీ, అక్కడినుంచి మదనపల్లె కొట్టుకూ, ఆ కొట్టునుంచి సంతలో మూట విప్పుకునే చిల్లర వ్యాపారికీ చేరిందనుకోండి. మూడుచోట్ల పన్ను పడితే నూరు రూపాయల సరుకుమీద రూపాయిన్నర. చివరి చిల్లర వ్యాపారికి మినహాయింపు ఉన్నది నిజమే, కాని అతను కొన్న ధరలో ఆ మూడుచోట్ల పన్నూ అప్పటికే కూర్చుని ఉన్నది. రేవుకూ మిల్లుకూ దూరంగా, నాలుగు చేతులు మారితే గాని సరుకు రాని మెట్ట పల్లెల్లో పన్ను ఎక్కువ. మద్రాసులోనే టోకుగా కొనుక్కోగల మోతుబరికి తక్కువ. దీన్నే 'వర్తకులమీద పన్ను' అన్నారు! వర్తకులు గోలచేసిన మాట నిజం. గోల వాళ్ళది, చెల్లింపు కొన్నవాడిది.

అర్ధరూపాయే గదా అనవచ్చు. సరే. అదే ఏడాది పుంగనూరు, కుప్పం రైతులకు జరిగింది కూడా పక్కన పెట్టి చూడండి. జమీందారీ రైతుల బాధలపై ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన వేసిన సంఘం 1938 చివర నివేదిక ఇచ్చింది. 1802 శాశ్వత పరిష్కారం నాటి మట్టానికి శిస్తులు తగ్గాలని అందులో సిఫార్సు చేశారు. శాసనసభ మెచ్చుకున్నది కూడా. కాని చట్టం రాలేదు. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసేనాటికి సంతలో బట్ట కొనేవాడిపై పన్ను చట్టంగా అమలులో ఉన్నది, జమీందారు వసూళ్ళకు కత్తెర వేసే సిఫార్సు కాగితంమీద ఉన్నది. ఒకే మంత్రివర్గం, ఒకే శాసనసభ, ఒకే సంవత్సరం. దేనికి తొందరపడ్డారో, దేనికి తీరిక లేకపోయిందో చెప్పడానికి వేరే సాక్ష్యం ఎందుకు?

1938 వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం రైతుకు మేలు చేసింది గదా అని ఎవరైనా అడగవచ్చు. చేసింది. పాత వడ్డీలు కొట్టివేసింది, అసలుకు రెట్టింపు చెల్లించినవాడి బాకీ తీరిందన్నది. కాని ఆ చట్టం దృష్టిలో 'వ్యవసాయదారుడు' అంటే భూమిలో హక్కు కలవాడు. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గూకేదాకా వ్యవసాయం తప్ప మరో పని ఎరగని కూలివాడు వ్యవసాయదారుడు కాడు! వాడి అప్పు అలాగే ఉండిపోయింది.

కథలో అన్నిటికంటె చేదైన మలుపు ఆ తర్వాత వచ్చింది. మంత్రివర్గం పోయి గవర్నరు సలహాదారుల పాలన వచ్చింది. యుద్ధం నడుస్తున్నది, డబ్బు కావాలి. 1944 నాటికి చిత్తూరుతో సహా నాలుగు జిల్లాల్లోనూ నిషేధాన్ని నిలిపివేశారు. సారా దుకాణాలు తెరుచుకున్నాయి, అబ్కారీ రాబడి మళ్ళీ వచ్చింది. మరి అబ్కారీ పోయినందుకని వేసిన అమ్మకపు పన్ను? అది పోలేదు. 1946లో నిషేధం తిరిగి వచ్చింది. పన్ను ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రేటు రూపాయికి మూడు పైలయింది, అంటే మొదటి రేటుకు మూడు రెట్లు. పేదవాడి సారా పన్ను తీసి పేదవాడి బట్టమీద వేశారు, తర్వాత రెండూ కలిపి వసూలు చేశారు.

జమీందారీ రైతులకు 1947లో శిస్తుల తగ్గింపు చట్టమూ 1948లో ఎస్టేట్ల రద్దు చట్టమూ వచ్చాయి. పుంగనూరు, కుప్పం సీమల్లో అది పెద్ద విముక్తే. అయినా రాజీ గుర్తు చట్టంమీద ఉన్నది. జమీందారు మూల వార్షికాదాయాన్ని లెక్కగట్టి దానికి పన్నెండున్నర రెట్లనుంచి ముప్ఫయి రెట్ల దాకా నష్టపరిహారం ఇచ్చారు. ఆ పరిహారం చెల్లించిన ఖజానాలోకి అమ్మకపు పన్నూ పోతున్నదే. శిస్తు తగ్గింది సాగుహక్కు ఉన్న రైతుకు. అతని కింద పాలికి చేసేవాడి గింజల వాటా గురించి చట్టం నోరు మెదపలేదు.

ఢిల్లీలోనూ అప్పుడే ఇటువంటి బేరం ఒకటి జరిగింది. 1947 ఫిబ్రవరిలో తాత్కాలిక ప్రభుత్వ ఆర్థికమంత్రి లియాకత్ అలీఖాన్ ఉప్పు పన్ను రద్దు చేస్తూ, లక్ష రూపాయలు దాటిన వ్యాపార లాభాలపై నూటికి ఇరవై అయిదు వంతుల పన్ను, మూలధన లాభాలపై పన్ను ప్రతిపాదించాడు. అతని ఉద్దేశాల్లో రాజకీయ కక్ష ఎంత ఉన్నదో నాకు అనవసరం. మిల్లు యజమానులు గగ్గోలు పెట్టారు, కాంగ్రెసు నాయకులు వంత పాడారు, పాతిక వంతు పదహారూ రెండుమూడోవంతులకు దిగింది. 1949లో మూలధన లాభాల పన్ను, 1950లో వ్యాపార లాభాల పన్ను పూర్తిగానే పోయాయి. అయితే ఉప్పు పన్ను రద్దు మాత్రం నిలిచింది. రాజీలో పేదవాడికి ఎన్నడూ ఏమీ దక్కదని వాదించేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ అడ్డం వస్తుంది, రావాలి కూడా. కాని ఉప్పు పన్నుపై ముప్ఫయ్యేళ్ళ పోరాటం ఉన్నది, జైళ్ళకు పోయినవాళ్ళున్నారు. దాన్ని తిరిగి వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లాభాల పన్నుకోసం జైలుకు పోయినవాడు లేడు.

ఆంధ్రరాష్ట్రంలో 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా ఈ నిషేధం, గీతపనివారి సమస్యమీదనే. 1960ల చివర నిషేధం పోయింది. తర్వాత ఇరవై యేళ్ళకు పైగా సారా పాటలే రాష్ట్ర ఖజానాకు ఆధారమయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచాక ఆ మంట చిత్తూరు జిల్లాకూ పాకింది. 1995 జనవరి 16నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది.

ఇక్కడినుంచి 1938 కథ మళ్ళీ మొదటినుంచి నడిచింది. 1996లో, ఖజానా ఖాళీ అయిందని చెప్పి, కుప్పం శాసనసభ్యుడే ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసింది, కరెంటు చార్జీలు పెంచింది. 1997లో సారాపై నిషేధం ఉంచి, మిగతా మద్యంపై ఎత్తివేశారు. రాబడి వచ్చింది. బియ్యం మాత్రం తిరిగి రెండు రూపాయలు కావడానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది. 1944లో సలహాదారులైన తెల్లదొరలు చేసినదానికీ దీనికీ తేడా వెదికితే నాకు దొరకలేదు.

ఆ 1997 ఫిబ్రవరి 28నే కేంద్రంలో ఐక్యసంఘటన ప్రభుత్వం తరపున చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్టును పత్రికలు 'కలల బడ్జెట్టు' అన్నాయి. ఆదాయపు పన్ను పై మెట్టు నలభైనుంచి ముప్ఫయికి దిగింది. కంపెనీల పన్ను నలభైనుంచి ముప్ఫయి అయిదుకు దిగింది, సర్‌చార్జీ కూడా పోయింది. నల్లధనం స్వచ్ఛందంగా ప్రకటిస్తే ముప్ఫయి శాతం కట్టి బయటపడవచ్చన్నారు. అలా బయటపడ్డ సొమ్ము దాదాపు రు. 33,000 కోట్లు. ఐక్యసంఘటన కన్వీనరు మన ముఖ్యమంత్రే. ఆ ప్రభుత్వంలో సి.పి.ఐ. మంత్రులున్నారు, సి.పి.యం. బయటినుంచి బలపరిచింది. మతతత్వ శక్తులను అడ్డుకోవాలన్న అవసరం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ అవసరం పేరుతో జరిగిన రాజీలో పది శాతం తగ్గింపు ఒకరికీ, రూపాయిన్నర పెంపు మరొకరికీ అదే సంవత్సర కాలంలో పడుతుంటే, ఈ రెండింటినీ ఒకే కాగితంమీద రాసి జనానికి చూపే పని వామపక్షం చేయవలసింది. బియ్యం ధరమీద ధర్నాలు చేశాం, బడ్జెట్టుమీద విమర్శలు రాశాం. కాని ధర్నాకు వచ్చిన మనిషికి బడ్జెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు.

మదనపల్లె నేడు టమాటా ఊరు, దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును ముప్ఫయినుంచి ఇరవై రెండుకు తగ్గించింది. ఏడాదికి లక్షా నలభై అయిదు వేల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ఆనాడు ఆర్థికమంత్రే చెప్పారు. ఎనిమిది నెలలు తిరగకముందే, 2020 మేలో, కోవిడ్ లాక్‌డౌన్ మధ్యలో, లీటరు డీజిలుమీద సుంకం పదమూడు రూపాయలు పెంచారు. తర్వాత రెండేళ్ళలో కొంత తగ్గించారు గాని, ఆలోగా తోలిన పంటకు అది పనికిరాదు. టమాటా బుట్టలు పొలంనుంచి మార్కెట్టుకు డీజిలు బండిమీదనే రావాలి. బండి బాడుగ రైతు పట్టీలో కమీషనుతోబాటు తరుగుదలగా కోస్తారు. ఆ బాడుగలో సుంకం ఎంతో పట్టీలో రాయరు.